కచేరీ కుర్చీ ఎందుకు తిరగబడుతుంది?

కోతలు ముగిసిన తరువాత గోదావరి డెల్టాలో గడ్డి బండ్లు కాలువ గట్ల వెంట బారులు తీరి పోయేవి. ఇప్పుడు చాలచోట్ల ట్రాక్టర్లు ఆ పని చేస్తున్నవి. బండి అయినా, ట్రాక్టరు అయినా గడ్డి పేర్చేవాడు ఎత్తుకు ఒక హద్దు పెట్టుకొంటాడు. ఆ హద్దు దాటితే, గట్టు కాస్త ఒరిగినచోట ఒక చక్రము పల్లములో దిగగానే బండి పక్కకు పడుతుంది. అంతే బరువుగల ఇసుక వేసుకొని అదే బండి అదే పల్లమును నిశ్చింతగా దాటిపోతుంది. బరువు మారలేదు, ఆ బరువు ఎంత ఎత్తున ఉన్నదన్నదే మారినది.

ప్రతి వస్తువుకు దాని బరువంతా ఒక్కచోట కూడినట్లు ప్రవర్తించే బిందువు ఒకటి ఉంటుంది. దానినే గురుత్వ కేంద్రమనీ, గరిమనాభి అనీ అంటారు. వస్తువు నేలను తాకే చోట్లన్నిటి చుట్టూ ఒక దారము బిగించినామనుకొనండి. ఆ దారము లోపలి స్థలము దాని ఆధారము. గురుత్వ కేంద్రము నుండి నిట్టనిలువుగా దించిన గీత ఆధారము లోపల పడినంతవరకు వస్తువు నిలుస్తుంది. వెలుపల పడితే తిరగబడుతుంది. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథము నలభై అడుగుల ఎత్తుది. పాత రథము 2020 సెప్టెంబరులో కాలిపోగా, 2021 ఫిబ్రవరిలో కొత్త రథముతో ఉత్సవము జరిగినది. అంత ఎత్తు రథము జనము లాగుతుంటే పడకుండా పోవాలంటే బరువైన దుంగలు అడుగున ఉండవలె, పైకి పోయినకొద్దీ కట్టడము తేలిక కావలె. రథములు చేసే వడ్రంగులకు ఈ సంగతి పాఠ్యపుస్తకము లేకుండానే తెలుసు.

కచేరీలో గిరగిర తిరిగే చక్రాల కుర్చీకి ఈ సౌకర్యము లేదు. దానిలో బరువంతా పైననే ఉన్నది, ఎందుకంటే ఆ బరువు మనిషిది. 12 కిలోల కుర్చీలో 60 కిలోల గుమాస్తా కూర్చుంటే, ఇద్దరికీ కలిపి గురుత్వ కేంద్రము నేల నుండి సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. వెనుకకు పడినవాని తలవెనుక భాగము ముందుగా నేలకో, వెనుక ఉన్న బీరువా అంచుకో తగులుతుంది. కాబట్టి ఇది నవ్వి ఊరుకొనే విషయము కాదు.

1851లో లండను మహా ప్రదర్శనలో అమెరికా నుండి వచ్చిన తిరుగుడు కుర్చీ నాలుగు కాళ్లది. ఆ తరువాత నూరేండ్లకు పైగా అటువంటి కుర్చీలకు నాలుగు కాళ్లే వాడుకలో ఉండినవి. 1970ల నుండి ఐదు కాళ్లు వాడుకలోకి వచ్చినవి. ఒక కాలు పెరిగితే ఏమి లాభము? తొమ్మిదో తరగతి రేఖాగణితముతో చెప్పవచ్చును. నడిమి స్తంభము నుండి ఒక్కొక్క కాలు పొడవు 30 సెంటీమీటర్లనుకొందాము. కాలు ఉన్న దిక్కుకు కుర్చీ పడదు. రెండు కాళ్ల నడిమి సందు వైపు పడుతుంది. కావున మనము కొలవవలసినది కాలి పొడవు కాదు, నడుము నుండి రెండు కాళ్ల చివరలను కలిపే గీతకు గల దూరము. మూడు కాళ్లకు ఇది 15 సెంటీమీటర్లే. నాలుగింటికి 21.2, ఐదింటికి 24.3, ఆరింటికి 26. మూడు నుండి నాలుగుకు పోతే లాభము ఆరు సెంటీమీటర్లు దాటినది, ఐదు నుండి ఆరుకు పోతే రెండు కూడా రాలేదు. పైగా కాలొకటి పెరిగితే ఖర్చూ పెరుగుతుంది, నడిచేవాని పాదమునకు తగిలేదీ పెరుగుతుంది. ఐదు దగ్గర ఆగడము నా దృష్టిలో మంచి బేరము.

ఈ దూరమును గురుత్వ కేంద్రపు ఎత్తుతో భాగిస్తే, కుర్చీ ఎంత కోణము ఒరిగితే పడుతుందో దాని టాన్‌జెంటు వస్తుంది. నాలుగు కాళ్ల కుర్చీకి ఈ కోణము సుమారు 19½ డిగ్రీలు, ఐదు కాళ్లదానికి 22 డిగ్రీలు. ఇక అడుగున 4 కిలోల ఇనుము బిగించినామనుకొనండి. గురుత్వ కేంద్రము మూడు సెంటీమీటర్లు దిగుతుంది, కోణము 23 డిగ్రీలు అవుతుంది. ఇనుము కొనకుండా, మీట నొక్కి ఆసనమును ఐదు సెంటీమీటర్లు దించితే అంతకన్న కొంచెము ఎక్కువ లాభమే వస్తుంది! అందరికీ దర్జాగా కనబడవలెనని కుర్చీని పూర్తిగా పైకెత్తి కూర్చునే అధికారులు ఈ లెక్క చూడవలె.

అయితే కుర్చీ ఒరగకుండానే మనిషి ఒరుగుతాడు. తల, మొండెము, చేతులు కలిసి మన బరువులో సుమారు మూడింట రెండు వంతులు. గుమాస్తా ఈ 40 కిలోలను 15 సెంటీమీటర్లు వెనుకకు జరిపితే, మొత్తము గురుత్వ కేంద్రము ఎనిమిది సెంటీమీటర్లు వెనుకకు పోతుంది. ఉన్న 24లో మిగిలినది 16.

ఇక్కడ చాలమంది గమనించని చిక్కు ఒకటి ఉన్నది. ఈ కుర్చీ చక్రము తన ఇరుసు కొయ్యకు సరిగా కింద ఉండదు, రెండు సెంటీమీటర్లు పక్కగా ఉండి, కుర్చీ ఎటు పోతే దానికి ఎదురు దిక్కున ఈడ్చుకొంటూ వస్తుంది. బల్లను తన్ని కుర్చీని వెనుకకు తోసుకొన్నామంటే చక్రములన్నీ ముందువైపుకు తిరుగుతవి. అంటే వెనుకవైపు ఆధారము ఆ రెండు సెంటీమీటర్లూ కోల్పోతుంది. మనము మామూలుగా చేసేదేమి? పని ముగించి, కుర్చీని వెనుకకు తోసి, వెంటనే వెనుకకు వాలి ఒళ్లు విరుచుకొంటాము. సరిగా ఆధారము తగ్గిన క్షణములోనే బరువును ఆ వైపుకు పంపుతున్నాము. ఆ వేళకు వెనుక చక్రము నాపరాయి సందులో చిక్కుకొన్నదంటే కుర్చీ ఆగుతుంది, మనిషి వేగము ఆగదు.

పాత తాలూకా కచేరీల టేకు కుర్చీలను చూచినవారు వాటి వెనుక కాళ్లు నిటారుగా లేక వెనుకకు వాలి ఉండడము గమనించి ఉంటారు. అది అందము కోసము కాదు. వీపు వెనుకకు వాలినంత మేర కాలు కూడా వెనుకకు పోవలెనని వడ్రంగి ఉద్దేశము.

తరగతిలో ఒక కుర్చీతో ఈ ప్రయోగము చేయవచ్చును. వెనుక కాళ్ల కింద ఇటుకలు, ముందు కాళ్ల కింద అదే ఎత్తున త్రాసు ఉంచండి. కుర్చీ బరువు 6 కిలోలు, త్రాసు చూపినది 2.4 కిలోలు, ముందు వెనుక కాళ్ల నడుమ దూరము 40 సెంటీమీటర్లు అనుకొనండి. 2.4ను 6తో భాగించి 40తో హెచ్చిస్తే 16: గురుత్వ కేంద్రము వెనుక కాళ్లకు 16 సెంటీమీటర్లు ముందున్నది. తరువాత కుర్చీని వెనుకకు వంచి, ఎటూ పడక నిలిచే కోణము కొలవండి. అది 20 డిగ్రీలైతే గురుత్వ కేంద్రపు ఎత్తు 44 సెంటీమీటర్లు. ఇప్పుడు కుర్చీ వీపుకు పుస్తకాల సంచి తగిలించండి. ఖాళీ కుర్చీకి 6 కిలోలు 16 సెంటీమీటర్ల దూరమున ఉండడము వలన వచ్చే భ్రామకము 96. సంచి 8 కిలోలై, వెనుక కాళ్లకు 12 సెంటీమీటర్లు వెనుకగా వ్రేలాడితే దాని భ్రామకమూ 96. ఆ సంచిలో ఇంకొక పుస్తకము పెట్టినారంటే కుర్చీ దానంతట అదే వెనుకకు పడుతుంది.