వరికి నీరెప్పుడు, ఎరువెప్పుడు

వరి దిగుబడిని నాలుగు విషయాలు తేలుస్తాయి: చదరపు మీటరుకు ఎన్ని కంకులు వచ్చాయి, కంకికి ఎన్ని గింజలు పట్టాయి, తాలు పోగా నిండినవి ఎన్ని, వెయ్యి గింజల బరువు ఎంత. ఇవన్నీ ఒకేసారి తేలవు. పిలకలు పెట్టేటప్పుడు కంకుల సంఖ్య, చిరుపొట్ట దశలో గింజల సంఖ్య, పూత సమయంలో తాలు పాలు, ఆ తర్వాత పాలు పోసుకునేటప్పుడు గింజ బరువు ఖాయమవుతాయి. ఒక దశలో జరిగిన నష్టాన్ని తర్వాతి దశలో పెట్టిన నీరు గానీ, చల్లిన యూరియా గానీ పూర్తిగా పూడ్చలేవు. అందుకే ఎంత ఇచ్చారన్న దానికంటే ఎప్పుడు ఇచ్చారన్నదే చాలా పొలాల్లో ముందుగా చూడవలసిన సంగతి.

నీటి విషయానికి వస్తే, వరి మొక్కలో ఆకుల నుంచి వేళ్ల దాకా గాలిని చేరవేసే ఖాళీ అరలు ఉంటాయి. బురదలో గాలి ఆడకపోయినా వేళ్లు కుళ్లకుండా ఉండేది అందువల్లే. అంత మాత్రాన పంట కాలమంతా మడి నిండుగా ఉండాలన్న నియమమేమీ లేదు. నిలువ నీటి వల్ల కలుపు అణిగి ఉంటుంది, నేలలోని భాస్వరం తేలిగ్గా అందుతుంది. ఆ మేలు రెండు మూడు సెంటీమీటర్ల నీటితోనూ దక్కుతుంది. ఎకరా మడిలో 5 సెంటీమీటర్ల నీరు నిలపాలంటే సుమారు 2 లక్షల లీటర్లు కావాలి. అందులో మొక్క పీల్చుకునేది కొంతే. మిగిలినది ఆవిరవుతుంది, లోపలికి ఇంకుతుంది, గట్ల బొరియల గుండా జారిపోతుంది. దమ్ము బాగా పడితే ఇంకుడు తగ్గుతుంది. చల్క నేలల్లో ఎంత దమ్ము చేసినా బరువు నేలలంత నీరు నిలవదు.

నాట్లప్పుడు నీరు పలచగా ఉండాలి. లోతు నీటిలో నాటితే మొక్కలు తేలిపోతాయి, లేదా రైతుకూలీలు మరీ లోతుగా గుచ్చుతారు. అప్పుడు పిలకలు ఆలస్యమవుతాయి. మూన తిరిగే వరకు 5 సెంటీమీటర్ల దాకా నీరు ఉంచి, పిలకల దశలో 2 నుంచి 3 సెంటీమీటర్లకు తగ్గిస్తే దుబ్బు బాగా కడుతుంది. చిరుపొట్ట నుంచి గింజ గట్టిపడే వరకు మళ్లీ 5 సెంటీమీటర్లు అవసరం. పంట మొత్తంలో నీటి ఎద్దడికి అన్నిటికంటే భయపడవలసింది ఈనిక, పూత సమయాల్లోనే. అప్పుడు మడి ఎండితే కంకి పొట్టలోంచి పూర్తిగా బయటికి రాదు, పుప్పొడి పనిచేయదు, కోసినప్పుడు తాలు బయటపడుతుంది. కోతకు వారం, పది రోజుల ముందు నీరు తీసేస్తే పంట ఒక్కసారిగా పండుతుంది, యంత్రం దిగడానికీ వీలుంటుంది.

పూతకు ముందు దశల్లో నీటిని ఆదా చేయడానికి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తడి–పొడి పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. దీనికి కావలసింది 30 సెంటీమీటర్ల పొడవున్న, చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గొట్టం ఒక్కటే. దాన్ని సగం వరకు నేలలో దింపి, లోపలి మట్టి తీసేస్తే మడి అడుగున నీరు ఎంత లోతులో ఉందో కంటికి కనిపిస్తుంది. పైన నేల ఆరినట్టున్నా, వేళ్ల దగ్గర తేమ ఉంటుంది. గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మళ్లీ నీరు పెట్టాలి. నాటిన ఒకటి రెండు వారాల తర్వాత మొదలుపెట్టి, పూతకు వారం ముందు ఆపేయాలి. ఇలా చేస్తే దిగుబడి తగ్గకుండా నీరు 30 శాతం వరకు మిగులుతుంది. మడి నుంచి వెలువడే మీథేన్ కూడా దాదాపు సగానికి తగ్గుతుంది. బోరు కింద సాగు చేసే తెలంగాణ రైతుకు ఇది బాగా కుదురుతుంది, ఎందుకంటే మోటారు అతని చేతిలోనే ఉంటుంది. కాలువ చివరి భూముల్లో మాత్రం వంతు వచ్చినప్పుడే నీరు పెట్టుకోవాలి కాబట్టి, కాలువ నీటి విడుదల వేళలు మారనిదే రైతు ఒక్కడే దీన్ని పాటించడం కష్టం.

నీటి యాజమాన్యం సరిగా లేకపోతే ఎరువు ఖర్చు వృథా అవుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20 కిలోలకు కాస్త ఎక్కువ. నిండు నీటిలో చల్లితే అందులో సగం కూడా పైరుకు చేరదు. పగటిపూట నీటిలోని నాచు వల్ల క్షారగుణం పెరిగి, నత్రజని అమ్మోనియా వాయువుగా గాల్లో కలిసిపోతుంది. మడి ఒకసారి ఆరి మళ్లీ తడిసినప్పుడు నైట్రేటుగా మారిన భాగం కొంత కిందికి ఇంకుతుంది, కొంత వాయువుగా పోతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నీరు మడి నుంచి మడికి పారే చోట చల్లిన ఎరువు కింది రైతు పొలానికి వెళ్లిపోవడమూ ఉంది. కాబట్టి ముందు నీరు తీసి, మడవ కట్టి, బురద పదునులో యూరియా చల్లాలి. 36 నుంచి 48 గంటల తర్వాత పలచగా నీరు పెట్టాలి.

మొత్తం నత్రజనిని మూడు భాగాలు చేసి నాటేటప్పుడు, పిలకల దశలో, చిరుపొట్ట దశలో వేయడం ఆనవాయితీ. వీటిలో చివరిదే ఎక్కువగా తప్పుతుంది. చిరుపొట్ట కోతకు సుమారు 65 రోజుల ముందు వస్తుంది. అంటే 120 రోజుల రకానికి విత్తిన 55 రోజులకు, 150 రోజుల సాంబ మసూరికి 85 రోజులకు. క్యాలెండరు మీద నమ్మకం చాలకపోతే దుబ్బులోని పెద్ద పిలకను మొదలంటా పీకి, నిలువుగా చీల్చి చూడవచ్చు. కణుపు మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్లని నూగు కుచ్చు కనిపిస్తే, అదే కంకి. యూరియాకు అది సరైన అదను.

పైరు నల్లగా నిగనిగలాడితే కళ్లకు ఇంపుగానే ఉంటుంది. కానీ ఆ పచ్చదనం కోసం అదనంగా వేసిన బస్తా చాలాసార్లు దిగుబడిని దెబ్బతీస్తుంది. మెత్తబడిన ఆకుల మీద అగ్గితెగులు, ఎండాకు తెగులు, పాముపొడ తెగులు సులభంగా వ్యాపిస్తాయి. గాలి ఆడని గుబురులో సుడిదోమ పెరుగుతుంది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి లాంటి రకాలు గింజ బరువెక్కే వేళకు పడిపోతాయి కూడా. ఈ పొరపాటును ఆపడానికి ఆకు రంగు పట్టిక చాలా చవకైన సాధనం. నాటిన రెండు వారాల నుంచి వారం, పది రోజులకోసారి పది కుదుళ్లలో పూర్తిగా విచ్చుకున్న కొత్త ఆకును, తన నీడ పడేలా నిలబడి, పట్టికలోని రంగులతో పోల్చాలి. ఎక్కువ ఆకులు ఆ రకానికి నిర్ణయించిన రంగు కంటే పాలిపోయి ఉంటేనే యూరియా వేయాలి.

భాస్వరం మొత్తం ఆఖరి దమ్ములోనే వేయాలి. పైపాటుగా డీఏపీ చల్లడం వల్ల ప్రయోజనం లేదు. ఏళ్ల తరబడి అది వేసిన పొలాల్లో నిల్వలు పేరుకుని, జింకు అందకుండా అడ్డుపడుతున్నాయి కూడా. జింకు లోపిస్తే ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తాయి. ఆకు పెళుసుగా మారి, వంచగానే చప్పుడు చేస్తూ విరుగుతుంది. ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలి గానీ, భాస్వరపు ఎరువుతో కలపకూడదు. మధ్యలో రెండు మూడు రోజుల వ్యవధి ఉండాలి. పొటాష్‌ను చల్క నేలల్లో దమ్ములో సగం, చిరుపొట్టకు సగం వేస్తారు. పైరు తీసుకున్న పొటాష్‌లో అధిక భాగం గడ్డిలోనే ఉంటుంది కనుక, గడ్డి మొత్తం బయటికి తరలించే పొలంలో దాని లోటు ఏటేటా పెరుగుతుంది. సార్వాకు ముందు జీలుగ, జనుము, పిల్లిపెసర లాంటివి చల్లి, పూత దశలో కలియదున్నితే నత్రజనితో పాటు సేంద్రియ పదార్థమూ నేలకు చేరుతుంది. అలాంటి మడిలో నాట్లప్పటి యూరియాను ఆ మేరకు తగ్గించుకోవచ్చు.