అన్నిటికీ వయస్సే కారణమా?

మన సోలాపూరు తూర్పు పేఠలలో ఏ ఇంటికి వెళ్లినా పెద్దవారిని గురించి ఒకే మాట వినిపిస్తుంది: "ఏం చేస్తాం, వయసైపోయింది." చెవి వినబడకపోతే వయసు. మెట్లెక్కి ఆయాసపడితే వయసు. మోకాలు పట్టుకుపోతే వయసు. ఆ ఒక్క మాటతో విచారణ ముగించి ఫైలు మూసివేస్తున్నాము. గుమాస్తా పని చేసేవారము గనుక ఫైలు సంగతి మాకు కొంత తెలుసు. తొందరపడి మూసిన ఫైలే తర్వాత ఎక్కువ నష్టము తెచ్చిపెడుతుంది.

మేము వైద్యులము కాము. అయినా వైద్యులు చెప్పేదానిని మన వృత్తులతో కలిపి చూసుకుంటే ఒక సంగతి తేటపడుతుంది. పెద్దల బాధలలో వయస్సు వాటా కొంత, చేసిన పని వాటా కొంత, ఇంటివారి అశ్రద్ధ వాటా కొంత. మొదటిది మన చేతిలో లేదు. తక్కిన రెండింటి విషయములో చేయగలిగినది చాలా ఉన్నది.

మగ్గము చప్పుడు

మన తాతలు తెలంగాణము నుండి చేతిమగ్గము నేర్పుతో ఇక్కడికి వచ్చారు. తరువాతి తరము మరమగ్గము ముందు నిలిచి దుప్పట్లు, తువ్వాళ్లు నేసింది. మూరెడు దూరములోని మనిషితో మాట్లాడటానికి అరవవలసి వస్తే, ఆ చప్పుడు చెవికి హాని చేసేదే అని గుర్తు. ముప్పై ఏండ్లు అట్టి చప్పుడులో పనిచేస్తే లోపలి చెవిలోని సన్నని కణములు నశిస్తాయి. అవి మళ్లీ పుట్టవు.

మొదట పోయేది సన్నని స్వరము. అందువల్ల స, శ, త వంటి అక్షరములు సరిగా అందవు. ఎవరో మాట్లాడుతున్నట్లు తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. ఇంటివారు "తనకు కావలసినవి మాత్రం వింటాడు" అని నవ్వుతారు. ఆయన క్రమముగా మాట మానుకొని మూల కూర్చుంటాడు. మతిమరుపు జబ్బుకు దారితీసే కారణములలో సవరించదగినవి 14 అని లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘము 2024లో ప్రకటించింది. అందులో వినికిడి లోపము ఒకటి, చికిత్స చేయించని చూపు లోపము మరొకటి.

కనుక చెవి వైద్యునికి చూపించవలెను. ఒక్కొక్కసారి గుబిలి అడ్డుపడటమే కారణము కావచ్చును. కాకపోతే వినికిడి యంత్రము ఉన్నది. మాట్లాడేటప్పుడు ఎదుటికి వచ్చి, ముఖము కనబడేటట్లు, నిదానముగా చెప్పండి. అరిచినందువల్ల లాభము లేదు. నేడు మగ్గాల మీద ఉన్న కొడుకులు చెవిలో దూది పెట్టుకుంటే చాలదు, చెవి బిరడాలే వాడవలెను.

దుమ్ము, పొగాకు

నూలు దుమ్ములో ఏండ్లు గడిపినవారికి ఊపిరితిత్తులు బిగుసుకుంటాయి. సెలవు తర్వాత మొదటి రోజున ఛాతీ పట్టేయడము దీనికి తొలి గుర్తు. బీడీలు చుట్టే తల్లుల చేతి చర్మము గుండా, శ్వాస గుండా పొగాకు విషము కొద్దికొద్దిగా ఒంటికి ఎక్కుతుంది. చాట ఒడిలో పెట్టుకొని గంటలకొద్దీ వంగి కూర్చోవడము వల్ల మెడ, నడుము, మోకాళ్లు అరుగుతాయి. కాల్చిన పొగాకు పొడి మశేరీతో పళ్లు తోముకొనే అలవాటు ఇంకొక కీడు. నోటిలో మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ కనబడితే ఒక్క వారము కూడ ఆగరాదు. రెండు వారములు మించిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ పరీక్ష, మందులు ఉచితము.

మోకాలి నొప్పికి మందుల దుకాణములో అడిగి తెచ్చుకొనే మాత్రలు తాత్కాలికముగా హాయినిస్తాయి. రోజూ మింగితే కడుపులో పుండు చేస్తాయి, మూత్రపిండములను దెబ్బతీస్తాయి, రక్తపోటును పెంచుతాయి. తొడ కండరములకు తగిన వ్యాయామము, బరువు తగ్గడము, నేలమీద గాక ఎత్తైన పీట మీద కూర్చోవడము మేలు.

చప్పుడు చేయని జబ్బులు

రక్తపోటు, చక్కెర జబ్బు ఏ నొప్పీ లేకుండ వస్తాయి. నొప్పి లేదు గనుక మాత్రలు మానివేసేవారు చాలమంది. మాత్రలు వేసుకోవడము వల్లనే లెక్క బాగున్నదని మరువరాదు. రోజుకు అన్నిటిలో కలిపి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఊరగాయ, అప్పడము, సేంగల చట్నీ వరుసగా వడ్డించే మన పళ్లెములో ఈ హద్దు ఎప్పుడో దాటుతుంది. జొన్నరొట్టె మాత్రము మానవద్దు. అందులోని పీచు మంచిది. అయితే చక్కెర జబ్బు ఉన్నవారికి రొట్టెల లెక్క కూడ ఉండవలెను.

మూతి వంకరపోయినా, ఒక చేయి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా, "కాసేపు పడుకో" అనవద్దు. గడ్డకట్టిన రక్తమును కరిగించే సూది నాలుగున్నర గంటల లోపలే పనిచేస్తుంది. ఎంత త్వరగా చేరితే అంత మేలు. హఠాత్తుగా పెద్దలు తికమకగా మాట్లాడటము కూడ వయసు కాదు. జ్వరము, మూత్రములో చీము, ఒంట్లో నీరు తగ్గడము వంటివి కారణము కావచ్చును. మన వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ముదిమిలో దాహము తెలియదు గనుక అడగకముందే నీళ్లు ఇవ్వవలెను. నీరు మితముగా త్రాగమని వైద్యుడు చెప్పినవారు మాత్రము ఆయన మాటే పాటించవలెను.

రాత్రి లేచినప్పుడు జారిపడి తుంటి ఎముక విరగడము మంచానికి కట్టివేసే ఆపద. పడకకు దగ్గరగా దీపము, స్నానపు గదిలో పట్టుకోడానికి కడ్డీ, ఇరుకు మెట్లకు చేతిపట్టె, వీటి ఖర్చు ఎంత? కంటి పొర "ముదిరేదాక" ఆగవలెననేది పాత మాట. చూపు పనికి అడ్డమైనప్పుడే శస్త్రచికిత్స చేయించవచ్చును.

మాట అందించేదెవరు?

మన ఇండ్లలో మరొక చిక్కు ఉన్నది. అవ్వకు తెలుగు తప్ప రాదు, వైద్యునికి మరాఠీ, వెంట వెళ్లే మనుమడికి బడి మరాఠీ. అవ్వ "చక్కర్ వస్తుంది" అంటే తల తిరుగుట. వినేవాడు చక్కెర జబ్బు అనుకోవచ్చును. ఎదలో పట్టేసినట్లు ఉండటము వేరు, దమ్ము వేరు, దడ వేరు. మాట మారితే మందు మారుతుంది. కనుక వెళ్లేముందే ఇంట్లో నిదానముగా అడిగి తెలుసుకోండి. ప్రతి పెద్దకు ఒక చిన్న నోటు పుస్తకము పెట్టండి. తేదీ, రక్తపోటు, చక్కెర, వాడే మాత్రల పేర్లు, పడని మందు, ఇవన్ని అందులో వ్రాయండి. సివిల్ ఆసుపత్రికి వెళ్లినా, మార్కండేయ సహకార రుగ్ణాలయమునకు వెళ్లినా ఆ పుస్తకము వెంట ఉండవలెను.

70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ, కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు ఆయుష్మాన్ భారత్ పథకమును 2024 అక్టోబరు 29న విస్తరించారు. ఆధారు కార్డుతో పేరు నమోదు చేయించి కార్డు తీసుకొని ఉంచండి. ఆపదలో పరుగెత్తేకంటె అది మేలు.

ఈ నెలలో ప్రతి ఇంటివారు ఒక్క పని చేయండి. పెద్దవారి పక్కన కూర్చొని "మీకు ఏది బాధగా ఉన్నది?" అని అడగండి. వారే "వయసు బిడ్డా" అని తప్పుకోబోతారు. అక్కడ ఆగవద్దు, రెండోసారి అడగండి.