ముహూర్తం ఉంటేనే కెమెరాకు కూడు

కొత్తచెరువు: వేరుశనగ రైతు వానను నమ్ముకున్నట్టే పెండ్లి ఫొటోగ్రాఫరు పంచాంగాన్ని నమ్ముకోవాలి. అదనులో పదును తప్పితే రైతుకెట్లో, ఆషాఢమో మూఢమో వస్తే కెమెరా పట్టినవానికీ అట్లే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఈ మెట్టసీమలో సేద్యం విడిచి చేతిపని వెదుక్కొనే కుర్రవాళ్లకు దగ్గరి మహానగరం బెంగళూరు. దూరం సుమారు 150 కిలోమీటర్లే. అక్కడ కల్యాణ మండపాలకు కొదవలేదు. అయితే ఆ పనిలోని లోతుపాతులు తెలుసుకొని బస్సెక్కడం మంచిది.

దర్బారు నుంచి కరువు దాకా

ఈ వృత్తికి తెలుగునాట పేరు తెచ్చినవారిలో ముందుగా చెప్పుకోదగినవారు రాజా దీన్‌దయాళ్. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టి, ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టారు. తరువాత సికిందరాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకులయ్యారు. దర్బారులు, విందులు, వేటలు, వైస్రాయిల రాకపోకలు తీయడం ఆయన పని. ఘోషా స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో వేరే స్టూడియో తెరిచారు. 1899-1900 కరువులో ఔరంగాబాదులో ఎముకల గూళ్లయిన మనుషులను తీసిందీ ఆ చేతులే. 1905లో కన్నుమూసిన ఆయన పేర 2006లో తపాలా బిళ్ల వెలువడింది.

రీలు పోయినా దడ పోలేదు

రీలు కాలంలో చుట్టకు 36 ఫొటోలే. తాళి కట్టే క్షణాన ఫ్లాష్ వెలగకపోతే అది మళ్లీ దొరకదు. కడిగించి చూసేదాకా గుండె దడే. నేడు కార్డులో వేలాది ఫొటోలు పడుతున్నా, కార్డు చెడితే అన్నీ ఒకేసారి పోతాయి. అందుకే ఇంటికి చేరగానే రెండు చోట్ల నకలు తీసి పెట్టుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. మండపంలో పని ఒక రోజయితే, ఫొటోలు ఏరి, రంగులు సరిదిద్ది ఆల్బం కూర్చే పని రోజుల తరబడి సాగుతుంది.

కొత్తగా వెళ్లినవారు సాధారణంగా పెద్ద స్టూడియో కింద దినకూలికి లైటు పట్టడంతో మొదలు పెడతారు. సొంతంగా ఒప్పుకొంటే అడ్వాన్సు చేతికొచ్చినా, మిగతా డబ్బు ఆల్బం అందాకే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలవగా, ముందున్న ముహూర్తాలు వాయిదా పడ్డాయి. అద్దెలు, వడ్డీలు మాత్రం ఆగలేదు.

కాగితం ముఖ్యం

1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనిదే, డబ్బిచ్చి తీయించుకున్నవారికే ఫొటోపై మొదటి హక్కు. కాబట్టి ప్రచారానికి వాడుకోదలిస్తే ముందే రాయించుకోవాలి. ఎన్ని ఫొటోలు, ఎప్పటికి ఆల్బం, ఏ విడత ఎంత అన్నదీ అదే కాగితంపై ఉండాలి. నోటిమాటపై నడిస్తే నష్టపోయేది సాధారణంగా ఫొటోగ్రాఫరే.

అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టు 26న ప్రారంభమైన ఈ-శ్రమ్‌లో అర్హులు పేరు నమోదు చేయించుకోవచ్చు. దీనికి తోడు ఊళ్లోనే శిక్షణ, కెమెరా కొనడానికి తక్కువ వడ్డీకి అప్పు దొరికితే, కరువుసీమ యువకులు నగరంలో మరొకరి లైటు పట్టుకొనే దశలోనే ఆగిపోనక్కరలేదు. సంబంధిత అధికారులు ఈ దిశగా ఆలోచించవలసి ఉంది.