కొత్త పలక

ఒకప్పుడు బడికి బయలుదేరిన ప్రతి పిల్లవాడి సంచిలోనూ పలక ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లోని మార్కాపురంలో గనుల నుండి తీసిన రాతిని పలుచగా చీల్చి, నునుపు చేసి, చెక్క చట్రాలలో బిగించి దూర ప్రాంతాలకు పంపేవారు. పలకకు ఖర్చు తక్కువ. రాసింది తప్పయితే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాయవచ్చు. ఎన్నిసార్లు తప్పు రాసినా పలక విసుక్కోదు. ఆ తప్పును ఎవరికీ చెప్పదు కూడా. ఇప్పుడు తరగతి గదులలో ఆ పలక చోటికి ట్యాబ్ వస్తున్నది. విచిత్రమేమిటంటే, ఇంగ్లీషులో ‘టాబ్లెట్’ అనే మాటకు ఉన్న పాత అర్థాలలో రాతపలక కూడా ఒకటి.

పిల్లల కోసం ఇలాంటి పరికరం ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. 1972లోనే ఆలన్ కే అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ‘డైనాబుక్’ అనే పేరుతో దాని రూపురేఖలను ఒక వ్యాసంలో వివరించాడు. పుస్తకమంత పరిమాణంలో, చేత పట్టుకొని తిరగగలిగిన కంప్యూటరు అది. ఆనాటి సాంకేతిక పరిజ్ఞానంతో దానిని తయారు చేయడం సాధ్యం కాలేదు. ట్యాబ్‌లు బజారులోకి విరివిగా వచ్చింది 2010 తరువాతనే. మన దేశంలో 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం ‘ఆకాశ్’ అనే చౌక ట్యాబ్‌ను విడుదల చేసింది. దానిని హైదరాబాదులో బిగించారు. అందులో గట్టిగా నొక్కితే గాని పనిచేయని రకం తెర పెట్టారు. వేలు తగిలితే చాలు పనిచేసే తెర తరువాతి నమూనాలో వచ్చింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టింది. ఇంటర్నెట్ లేని ఇంట్లో కూడా చదువుకొనేందుకు వీలుగా పాఠాలను ముందుగానే వాటిలో నింపి ఇచ్చారు.

ట్యాబ్ కేవలం ఒక పెట్టె వంటిది. పిల్లవానికి పాఠం చెప్పేది అందులోని యాప్. ఒక నిర్దిష్టమైన పని కోసం రాసిన కంప్యూటరు కార్యక్రమాన్నే యాప్ అంటారు. అక్షరాలు దిద్దించేది ఒకటి, లెక్కలు చేయించేది మరొకటి, కథలు చదివి వినిపించేది ఇంకొకటి. వీటిని రాసేవారు ఏదో ఒక మహానగరంలో కూర్చుని రాస్తారు. వాడే పిల్లలు వేరే చోట ఉంటారు. ఈ రెండు చోట్ల మధ్య ఉన్న దూరాన్ని పట్టించుకోని యాప్ ఎంత రంగురంగుల బొమ్మలతో ఉన్నా తరగతిలో నిలవదు.

తుకుం సంగతి చూడండి. మహారాష్ట్రలోని చంద్రపూర్ నగరంలో, తాడోబా అడవికి వెళ్ళే దారిలో ఉన్న పేట అది. చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. రాజురా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. బొగ్గు గనుల పనికి, కాగితం మిల్లు పనికి వచ్చి స్థిరపడిన వారూ ఉన్నారు. తుకుంలో తెలుగు చదివే పిల్లల తరగతి ఒకటి ఉన్నదనుకోండి. ట్యాబ్ తెర మీద ఒక బొమ్మ కనిపించింది. ‘ఇది ఏమిటి?’ అని యాప్ అడిగింది. ఒక పాప ‘ఉల్లిగడ్డ’ అని రాసింది. వెంటనే తెర మీద ఎర్రటి గుర్తు పడింది. ‘తప్పు’ అని గంట మోగింది. యాప్ రాసినవారి జాబితాలో ‘ఉల్లిపాయ’ ఒక్కటే ఉన్నది మరి!

ఇందులో పాప చేసిన తప్పేమీ లేదు. తెలంగాణ అంతటా, ఇక్కడి తెలుగు ఇళ్ళలోనూ ఉల్లిగడ్డ అనే అంటారు. అమ్మ రోజూ అనే మాటను యంత్రం తప్పన్నది. ఉపాధ్యాయుడు అయితే ఆ మాట వినగానే నవ్వి, ‘అవును, ఉల్లిపాయ అని కూడా అంటారు’ అని చెప్పి ముందుకు సాగుతాడు. యంత్రానికి ఆ ఇంగితం లేదు. దానిలో ముందుగా ఏది రాసిపెడితే అదే దానికి తెలుసు. ఇలా నాలుగుసార్లు జరిగితే, ఇంట్లో మాట్లాడే తెలుగు తెలుగే కాదేమో అని పాప అనుకొంటుంది. తెలుగు ప్రాంతానికి వెలుపల, చుట్టూ మరాఠీ వినిపించే చోట, ఈ అనుమానం చాలా చెరుపు చేస్తుంది. పిల్లలు ఆ భాషను పలకడమే మానుకొంటారు. కాబట్టి తెలుగు యాప్ తయారు చేసేవారు ఒక్కొక్క బొమ్మకు ఒక్క జవాబు కాక, జవాబుల కుటుంబాన్ని సిద్ధం చేయాలి. మొక్కజొన్న, మక్కజొన్న రెండూ ఒప్పే. చొక్కా ఒప్పే, అంగి కూడా ఒప్పే. చుట్టుపక్కల మరాఠీ విని పిల్లవాడు ‘కాందా’ అన్నాడనుకోండి, దానిని తప్పు అనకుండా ‘అది మరాఠీ మాట, తెలుగులో ఏమంటారు?’ అని అడిగే యాప్ ఇంకా మంచిది.

ఇక అంకెల మాట. ఒక భాషలో ఉన్న యాప్‌ను మరో భాషలోకి అనువదిస్తే చాలునని కొందరు అనుకొంటారు. అది ఎంత పొరపాటో 25 అనే సంఖ్య చూపుతుంది. తెలుగులో ‘ఇరవై ఐదు’ అంటాము. ముందు పదులు, తరువాత ఒకట్లు. రాసేటప్పుడు కూడా 2 ముందు, 5 తరువాత. చెవికి వినిపించిన వరుసలోనే చేయి రాస్తుంది. మరాఠీలో 25ను ‘పంచవీస్’ అంటారు. అందులో ఐదు ముందు వినిపిస్తుంది, ఇరవై తరువాత వస్తుంది. అందుకే మరాఠీ, హిందీ యాప్‌లలో 25కు 52, 47కు 74 రాయకుండా ఉండేందుకు ప్రత్యేకంగా అభ్యాసాలు పెట్టవలసి ఉంటుంది. వాటిని అలాగే తెలుగులోకి దింపితే, లేని కష్టాన్ని కొని తెచ్చినట్లవుతుంది. ఈ తేడాను మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ ‘బాలభారతి’ కూడా గుర్తించింది. 2019లో రెండో తరగతి మరాఠీ గణిత పుస్తకంలో ‘ఏకవీస్’తో పాటు ‘వీస్ ఏక్’ అనే పద్ధతిని, అనగా మన ‘ఇరవై ఒకటి’ వంటి పద్ధతిని ప్రవేశపెట్టారు. దాని మీద రాష్ట్రంలో పెద్ద వాదమే నడిచింది. గణిత సమితి అధ్యక్షురాలు మంగళా నార్ళీకర్ ఆ మార్పును సమర్థించారు. మరాఠీ పిల్లలకు తేలిక చేయడానికి ఇంత వాదం నడిచిన విషయం తెలుగు పిల్లలకు పుట్టుకతోనే అబ్బింది. అయితే తుకుం వంటి చోట పిల్లలు రెండు భాషలలోనూ లెక్కపెడతారు. బజారులో ‘పంచవీస్’, బడిలో ‘ఇరవై ఐదు’. ఈ రెండింటినీ పక్కపక్కన వినిపించి, ఏది ఎందుకు అలా ఉన్నదో చూపే లెక్కల యాప్ ఇక్కడి తరగతికి సరిగ్గా సరిపోతుంది.

లిపి విషయంలో చిక్కులు మరీ ఎక్కువ. కంప్యూటరుకు అక్షరం ఆకారం తెలియదు. దానికి తెలిసింది సంఖ్యలే. ప్రపంచంలోని లిపులన్నింటికీ అంకెల గుర్తులు ఇచ్చే ‘యూనికోడ్’ పద్ధతిలో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ‘జ్ఞా’ అనే ఒక్క అక్షరం యంత్రం లోపల జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగు గుర్తుల వరుస. ఆ నాలుగింటినీ కలిపి ఒక్క ముద్దగా తెర మీద గీయడం యంత్రం పని. 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. ఈ వరుసలో కంటికి కనిపించని మరొక గుర్తు చేరి వచ్చినప్పుడు ఐఫోన్లు, ఐప్యాడ్‌లు దానిని గీయలేక యాప్‌లను మూసివేశాయి. ఒక తెలుగు అక్షరం దేశదేశాల ఫోన్లను ఆపిందని పత్రికలన్నీ రాశాయి. కొద్ది రోజులలోనే ఆ సంస్థ లోపాన్ని సరిదిద్దింది. పెద్ద సంస్థకే ఇలా జరిగిందంటే, చిన్న యాప్‌లలో వత్తులు కిందికి జారి తెగిపోవడంలో, గుడి పక్క అక్షరం మీద పడడంలో ఆశ్చర్యం లేదు. తెలుగు యాప్ ఏదైనా చేతికి వస్తే అందులో ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ అని రాసి చూడండి. ఆ మూడు మాటలు చక్కగా కనిపిస్తే సగం పరీక్ష నెగ్గినట్లే.

అక్షరాలు నేర్పే క్రమం కూడా ఇంగ్లీషును చూసి రాసుకొనేది కాదు. ఇంగ్లీషులో 26 అక్షరాలు అయిపోతే మాటలలోకి వెళ్ళవచ్చు. మనకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు కలిసి వందల ఆకారాలవుతాయి. తెలుగుకు సోదర లిపి అయిన కన్నడం నేర్చుకొనే పిల్లల మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో వెలువడింది. అక్షరాలన్నీ పట్టుబడడానికి ఒకటి రెండు తరగతులు చాలవని, ఆ నేర్పు పై తరగతుల దాకా సాగుతుందని అందులో తేలింది. కాబట్టి మూడో తరగతి పిల్లవాడికి వత్తులు సరిగా రాకపోతే అతడు వెనుకబడ్డాడని యాప్ ముద్ర వేయరాదు.

తప్పును చూసే తీరులోనే యాప్ మంచిదో కాదో తెలుస్తుంది. 42 నుండి 17 తీసివేయమంటే ఒక పిల్లవాడు 35 అని రాశాడు. ఎర్ర గుర్తు వేసి ఊరుకోవడం ఏ యాప్ అయినా చేస్తుంది. 35 ఎలా వచ్చిందో ఆలోచించండి. 2లో 7 పోదు గనుక, పిల్లవాడు 7లో 2 తీసేశాడు. పదుల నుండి అప్పు తెచ్చుకోవడం అతనికి తెలియలేదు. ఈ సంగతి ముందే ఊహించి రాసిన యాప్ వెంటనే పది పుల్లల కట్టను తెర మీదికి తెచ్చి, దానిని విప్పి చూపుతుంది. ఢిల్లీలో ఒక యాప్ మీద కార్తీక్ మురళీధరన్ మొదలైనవారు జరిపిన పరిశోధన 2019లో ప్రచురితమైంది. ఆ యాప్ పిల్లలు చదివే తరగతిని బట్టి కాక, వారికి నిజంగా వచ్చిన స్థాయిని బట్టి ప్రశ్నలు ఇచ్చేది. నాలుగున్నర నెలలలోనే లెక్కలలోనూ హిందీలోనూ చెప్పుకోదగిన మెరుగు కనిపించింది. అయితే ఆ పిల్లలు యంత్రంతోనే గడపలేదు. పక్కనే చిన్న బృందాలుగా కూర్చోబెట్టి చదివించే మనుషులు కూడా అక్కడ ఉన్నారు.

తరగతి గదికి తనవైన ఇబ్బందులు కొన్ని ఉంటాయి. నలభై ట్యాబ్‌లు ఒకేసారి పాటలు పాడితే ఆ గదిలో ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. కనుక యాప్ మౌనంగా మొదలు కావాలి, అడిగితేనే పలకాలి. ఒక్క ట్యాబ్‌ను ఇద్దరు ముగ్గురు పంచుకొనే చోట పేరు తాకగానే తెరుచుకోవాలి గాని, ఫోన్ నంబరు, ఈమెయిల్ అడగరాదు. పిల్లల వివరాలు తీసుకొనే ముందు తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, పిల్లలను గురిపెట్టి ప్రకటనలు చూపరాదని 2023లో మన దేశంలో చట్టం కూడా వచ్చింది.

విద్యుత్తు సంగతి లెక్కవేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక చిన్న ట్యాబ్ బ్యాటరీ పూర్తిగా నిండడానికి సుమారు 20 వాట్-గంటలు పడుతుంది. నలభై ట్యాబ్‌లకు కలిపి 800. వృథాతో కలుపుకొన్నా సుమారు ఒక్క యూనిట్! కావలసింది కరెంటు కంటే ఎక్కువగా ప్లగ్గులే. ఎండతో వచ్చే చిక్కు అంతకన్న పెద్దది. చాలా ట్యాబ్‌లను సుమారు 35 డిగ్రీల వేడి వరకు వాడమని తయారీదారులు చెబుతారు. చంద్రపూర్‌లో మే నెలలో 45 డిగ్రీలు దాటడం వింత కాదు. ఆ ఎండల కారణంగానే విదర్భలో బడులు మిగతా మహారాష్ట్ర కంటే ఆలస్యంగా తెరుస్తారు. ఎడతెగక బొమ్మలు కదిలించే యాప్ ట్యాబ్‌ను మరింత వేడెక్కిస్తుంది. నిలకడైన బొమ్మలతో, తక్కువ వెలుతురుతో నడిచే యాప్ వేసవిలోనూ పనికి వస్తుంది.

ఇన్ని సంగతులు బల్ల దగ్గర కూర్చుంటే తోచవు. 2019లో ముగిసిన ఒక అంతర్జాతీయ పోటీ ఇందుకు దారి చూపింది. టాంజానియాలో సుమారు 170 గ్రామాలలో, బడి అందని పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చి, ఐదు బృందాలు తయారుచేసిన స్వాహిలీ యాప్‌లను 15 నెలల పాటు పరీక్షించారు. ఒక్క పరిశీలనతో తీర్పు ఇవ్వకుండా, పిల్లలు మొదట ఎంత చదవగలిగారో, చివర ఎంత చదవగలిగారో కొలిచారు. ఆ యాప్‌లను ఇతర భాషలవారు మార్చి వాడుకొనేందుకు వీలుగా అందరికీ విడుదల చేశారు.

తుకుం తరగతిలో ఇంత పెద్ద ఏర్పాటు అక్కరలేదు. పిల్లవాడి వెనుక కూర్చుని, మాట సాయం చేయకుండా, అతని వేలు ఎక్కడ ఆగిందో, ఏ గుర్తు అర్థం కాక పక్కవాని వైపు చూశాడో రాసుకొంటే చాలు. పది మంది పిల్లలను అలా చూస్తే యాప్‌లోని లోపాలు చాలావరకు బయటపడతాయి. ఇళ్ళలోని మాటలను సేకరించే పనిలో పిల్లలే ముందుండవచ్చు. ఒక నోటుపుస్తకంలో కూరలు, పండ్లు, వంటింటి సామాను బొమ్మలు వరుసగా గీసి, ప్రతి దాని పక్కన మూడు గడులు పెట్టుకోవాలి. పుస్తకంలోని తెలుగు మాట ఒకదానిలో, ఇంట్లో నాయనమ్మ అనే మాట రెండో దానిలో, మరాఠీ మాట మూడో దానిలో. యాప్ రాసేవారికి ఇంతకంటే విలువైన జాబితా ఏ నిఘంటువులోనూ దొరకదు. జామపండు దగ్గరికి వచ్చేసరికి మాత్రం తరగతిలో నవ్వులు వినిపిస్తాయి. పుస్తక మరాఠీలో దానిని ‘పేరూ’ అంటారు. ‘నీ పేరు ఏమిటి?’ అని యాప్ అడిగినప్పుడు ఎవరైనా జామపండు బొమ్మను తాకితే, ఆ జవాబుకు ఏ గుర్తు వేయాలో యాప్ రాసేవారు ఆలోచించుకోవలసిందే.