మజూరీలో కోసిన పన్ను: లెక్క చెప్పి తిరిగి పొందు విధము

కబ్బన్‌పేట, యలహంక వైపు మగ్గములు నడుపుకొను మనవారు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుచున్నారు. “సెక్రటరీగారూ, మా బోటివారికి ఆదాయపు పన్ను ఎక్కడిది? షావుకారుగారు మజూరీలో నూటికి రూపాయి ఎందుకు పట్టుకొన్నారు?” అడిగి తెలిసికొన్నవారు బాగుపడుచున్నారు. అడుగనివారి సొమ్ము సర్కారు ఖాతాలోనే ఉండిపోవుచున్నది. కాబట్టి ఈ సంగతి విపులముగా వ్రాయుచున్నాను.

మొదట మనము ఎవరమో తెలిసికొనవలెను. షెడ్డులో నెలజీతమునకు పనిచేయువాడు ఉద్యోగి. షావుకారు ఇచ్చిన పడుగు, పేక, జరీ తెచ్చుకొని, ఆయన చెప్పిన రకము ఇంటి మగ్గముపై నేసి, చీర లెక్కన మజూరీ తీసికొనువాడు చట్టము దృష్టిలో కాంట్రాక్టుదారు. సొంత డబ్బుతో పట్టు కొని, నేసి, చీర అమ్ముకొనువాడు వ్యాపారి. ఈ కోత అతనికి వర్తించదు. మనలో అధిక సంఖ్యాకులు రెండవ తరగతివారే.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టము 194 సి సెక్షను ప్రకారము, ఒక్క చెల్లింపు 30,000 రూపాయలు దాటినను, ఏడాది మొత్తము లక్ష దాటినను, ఇచ్చువారు వ్యక్తికి నూటికి 1 రూపాయి చొప్పున పట్టుకొని సర్కారుకు కట్టవలెను. కంపెనీలు, భాగస్వామ్య సంస్థలు, మనవంటి సహకార సంఘములు, గత సంవత్సరపు వ్యాపారము కోటి రూపాయలు దాటిన షావుకార్లు అందరును దీనికి బద్ధులే. కనుక పట్టుకొన్నందుకు వారిపై కోపగింప పనిలేదు. అది మీ పేర ముందుగా కట్టిన పన్నేగాని, వారి లాభము కాదు.

అసలు ప్రమాదము పాన్ కార్డులో ఉన్నది. పాన్ ఇవ్వకున్నను, ఆధార్‌తో జతపరచనందున అది చెల్లనిదైనను, కోత నూటికి 20 అగును. నా వద్దకు వచ్చిన ఒక నేతగాని ఏడాది మజూరీ 2,40,000 రూపాయలు. 2,400 పోవలసిన చోట 48,000 పోయినది. ఇంటిల్లిపాదీ చేసిన దాదాపు రెండున్నర నెలల కష్టమది! ఆయన అది తన ప్రాప్తమే అనుకొని ఊరకున్నాడు. నేను నచ్చచెప్పగా, వెయ్యి రూపాయల రుసుము కట్టి ఆధార్ జతపరచి, రిటర్ను దాఖలు చేసెను. ఆయన ఆదాయమునకు పన్నే లేదు గనుక సొమ్మంతయు బ్యాంకు ఖాతాకు తిరిగి వచ్చినది. రిటర్ను వేయనిదే పైసా వచ్చెడిది కాదు.

ఇక చేయవలసిన పని. షావుకారు మూడు నెలలకొకసారి ఇచ్చు 16 ఏ ఫారమును అడిగి పుచ్చుకొనుడు. ఆదాయపు పన్ను శాఖవారి వెబ్‌సైటులో మీ పేరనున్న 26 ఏ.యస్. పట్టికతోను, మీ మజూరీ పుస్తకముతోను సరిచూచుకొనుడు. కోసిన సొమ్ము పట్టికలో కనబడకున్నచో పాన్ అంకె తప్పు పడియుండవచ్చును. దానిని దిద్దవలసినవారు షావుకారే. వెంటనే ఆయనకు చెప్పుడు.

పద్దులు వ్రాయలేనివారికి 44 ఏ.డి. సెక్షను సులభ మార్గము. బ్యాంకు ద్వారా వచ్చిన మజూరీలో కనీసము నూటికి 6, రొక్కముగా వచ్చినదానిలో 8 లాభముగా చూపి, సుగమ్ అనబడు నాలుగవ నంబరు రిటర్ను వేయవచ్చును. కాని అది కనిష్ఠము మాత్రమే. అంతకంటె ఎక్కువ మిగిలినచో మిగిలినంతయు చూపుటయే న్యాయము. తక్కువ చూపిన కాగితమును చూచి బ్యాంకువారు అప్పును కూడ తక్కువే ఇత్తురు! 2025–26 సంవత్సరపు ఆదాయమునకు కొత్త పద్ధతిలో 4 లక్షల వరకు పన్ను లేదు. 12 లక్షల వరకు రిబేటు వలన పన్ను పడదు. నిజము చెప్పుటకు మనకు భయమెందుకు?

మరియొక మాట. ఇంట భార్యయు, కుమారుడును నేయుచుండగా మజూరీ అంతయు తండ్రి పేరనే వ్రాయించుట మన వాడుక. వేరు మగ్గముపై నేయువారి మజూరీ వారి వారి పేర, వారి పాన్‌పై, వారి బ్యాంకు ఖాతాకే వ్రాయించుడు. చేయనివారి పేర మాత్రము వ్రాయింపరాదు.

2026 ఏప్రిల్ 1 నుండి 2025 నాటి కొత్త చట్టము అమలులోనికి వచ్చినది. సెక్షన్ల అంకెలు మారినవి. అంతకు ముందటి మజూరీకి పాత చట్టమే వర్తించును. రిటర్ను గడువు కూడ మారుచుండును. 2025లో జూలై 31 గడువును సెప్టెంబరు 15కును, పిదప 16కును పొడిగించిరి. పొడిగింతురను ఆశతో కూర్చుండక, సంఘము కార్యాలయమున ముందే విచారించుకొనుడు.

పోగు తెగినప్పుడే ముడివేసికొనుట మనకు పుట్టుకతో వచ్చిన విద్య. లెక్క విషయమునను అట్లే చేయుదము. పాన్, ఆధార్, పాసుపుస్తకము, మజూరీ పుస్తకము, ఈ నాలుగింటిని ఒక సంచిలో ఉంచుకొని రండు. మిగిలిన సాయము సంఘము చేయును.

— కార్యదర్శి