మిషను కన్నా ముందు మెకానిక్కుని చూసుకోండి

తుపాను వెళ్లిపోయిన మర్నాడు కరెంటోళ్లు రావాలన్నా, అంబులెన్సు కదలాలన్నా ముందు రోడ్డుకి అడ్డం పడ్డ చెట్టు తొలగాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసినప్పుడూ, 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల్ని పడగొట్టినప్పుడూ మనం చూసింది అదే. గొడ్డలితో పూటంతా పట్టే మానుని చైన్‌సా నిమిషాల్లో ముక్కలు చేస్తుంది. కాకపోతే ఆ మిషను ఆ రోజున స్టార్టవ్వాలి!

మా వైపు చెట్లు కోసే ముఠా ఒకటి నడిపే కుర్రాడు నాకు వరసకి కొడుకవుతాడు. ఇన్నాళ్లూ సరుగుడు తోటల్లో చిన్న మిషనుతో నెట్టుకొచ్చాడు. ఇప్పుడు ముదిరిన మామిళ్లు, చింతమానులు, రోడ్ల పక్కన నిద్రగన్నేరు చెట్లు కాంట్రాక్టుకి వస్తున్నాయి. "బాబాయ్, పెద్ద మిషను తీసుకోవాలి. కంప్యూటరుదా, మామూలు కార్బొరేటరుదా?" అని అడిగాడు. అప్పు చేసి కొంటున్నాడు. నలుగురు కూలీల రోజు గడిచేది దానిమీదే. అందుకని వాడితో కలిసి షాపులూ తిరిగాను, మెకానిక్కుల దగ్గరా కూర్చున్నాను. అలా తేలిన సంగతులే ఇవి.

ఎంత పవరు కావాలి?

సరుగుడు, సుబాబుల్, జామాయిల్ లాంటి సన్నపాటి కర్రకి 50 సీసీ మిషను చాలు. అంతకన్నా పెద్దదైతే బరువు మోయడమే మిగులుతుంది. రెండు చేతులకీ అందని మాను కోయాలంటే మాత్రం 70 సీసీ తరగతికి వెళ్లాలి. స్టీల్ కంపెనీ ఎంఎస్ 382నే తీసుకోండి. 72.2 సీసీ, 3.9 కిలోవాట్లు. అంటే అయిదు హార్స్‌పవర్ పైమాటే. బార్, చైన్ లేకుండానే ఆరు కిలోల పైచిలుకు బరువు. హస్క్‌వార్నా 372 ఎక్స్‌పీ కూడా ఇదే తరగతి, 70.7 సీసీ. ఇంకా పైకి వెళ్తే 90 సీసీ దాటిన ఎంఎస్ 661 లాంటివి ఉన్నాయి. అవి రోజూ మహావృక్షాలు పడగొట్టేవాళ్లకి.

బార్ పొడుగు చూసి మోజుపడే వాళ్లు ఎక్కువ. 70 సీసీకి 20 నుంచి 25 అంగుళాల బార్ సరిపోతుంది. దానికి 30 అంగుళాలు తగిలిస్తే చింతచేవలో ఇంజను మూలుగుతుంది, చైనుకి ఆయిలు సరిగా అందదు. కొబ్బరి, తాటి మొద్దులయితే చైను పదును ఇట్టే తినేస్తాయి. మొద్దుబారిన చైనుతో ఎంత పెద్ద ఇంజనైనా దండగే.

కార్బొరేటరు కథ

2020 ఏప్రిల్లో బీఎస్-6 వచ్చాక కొత్త బైకుల్లో కార్బొరేటరు దాదాపు కనుమరుగైంది. చైన్‌సాల్లో మాత్రం అది ఇంకా రాజ్యమేలుతోంది. అయితే బైకుది వేరు, దీనిది వేరు. బైకు కార్బొరేటరులో పెట్రోలు చిన్న గిన్నెలో నిలిచి ఉంటుంది, పైన ఫ్లోట్ తేలుతుంది. బండి పడుకోబెడితే కారిపోతుంది. చైన్‌సాని పక్కకి తిప్పి, తలకిందులు చేసి కోస్తాం కదా! అందుకే దీంట్లో గిన్నె ఉండదు. పల్చటి డయాఫ్రం పొరలు ఉంటాయి. ఇంజను లోపలి ఒత్తిడి ఎగుడుదిగుడులకి ఒక పొర కొట్టుకుంటూ ట్యాంకులోంచి పెట్రోలు లాగుతుంది. ఇంకో పొర కావలసినంతే వదులుతుంది. ఆ పొరలు ఎండి బిరుసెక్కితే మిషను మొరాయిస్తుంది. రిపేరు కిట్టు దొరికితే, పని తెలిసినవాడు చెట్టు కిందే కూర్చుని మార్చేస్తాడు.

బయట మూడు స్క్రూలుంటాయి. ఎల్ అంటే తక్కువ స్పీడుది, హెచ్ అంటే ఫుల్ రేసుది, మూడోది ఐడిలింగుది. చేతిలో సరైన స్క్రూడ్రైవరు ఉంటే చాలు.

కంప్యూటరుదైతే?

స్టీల్‌లో ఎం-ట్రానిక్, హస్క్‌వార్నాలో ఆటోట్యూన్ అని ఉంటాయి. పెట్రోలు ఎంత, గాలి ఎంత అన్నది అవే సర్దుకుంటాయి. ఎంఎస్ 500ఐ లాంటి దాంట్లో కార్బొరేటరే లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్. వీటిని తక్కువ చేయడానికి లేదు. పొద్దున సముద్రమట్టంలో కోసి, మధ్యాహ్నం పాడేరు ఘాటెక్కి కోసేవాడికి అవి హాయి. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుంది. మామూలు కార్బొరేటరైతే మళ్లీ ట్యూన్ చేసుకోవాలి.

చిక్కల్లా పాడైనప్పుడే. కంపెనీ వాళ్ల టెస్టింగ్ పరికరం ఉన్న డీలరు దగ్గరికే తీసుకెళ్లాలి. అతను జిల్లా కేంద్రంలో ఉంటే? పార్టు ఇంకో ఊరు నుంచి రావాలంటే? నాలుగు రోజులు ముఠా ఖాళీ. కూలీలు వేరే మేస్త్రి దగ్గరికి పోతారు, మళ్లీ తిరిగొస్తారన్న గ్యారంటీ లేదు. మావాడి ఊరికి అలాంటి డీలరు బాగా దూరం. కార్బొరేటరు విప్పగల మెకానిక్కు మాత్రం సైకిలు దూరంలోనే ఉన్నాడు. నేను మామూలు కార్బొరేటరే తీసుకోమన్నది అందుకు.

చెవితో వినాల్సిన సంగతి

ఈ మిషన్లో ఇంజనుకి విడిగా ఆయిలు లేదు. పెట్రోల్లో కలిసిన ఆయిలే దాని ప్రాణం. హెచ్ స్క్రూని బిగిస్తే పెట్రోలు తగ్గి మిషను ఈల వేసినట్టు రయ్యిమంటుంది. చూసేవాళ్లకి "అబ్బ, ఏం పికప్పు!" అనిపిస్తుంది. నిజానికి ఆయిలూ తగ్గింది, వేడి పెరిగింది. కాసేపటికి పిస్టను పట్టేస్తుంది. పిస్టను, సిలిండరు మార్చాలంటే మిషను ధరలో పెద్ద ముక్కే ఎగిరిపోతుంది.

సరిగ్గా ట్యూనైన మిషను ఖాళీగా ఫుల్ రేసు ఇస్తే గొంతు కొంచెం బొంగురుగా ఉంటుంది, ఒకటి విడిచి ఒకటి కొట్టినట్టు. కర్రలో దిగగానే ఆ బొంగురు పోయి గొంతు తేటపడుతుంది. ఈ తేడా పట్టుకున్నవాడికి సగం పని వచ్చినట్టే. కొన్ని మిషన్లలో స్పీడు దాటకుండా కాయిలే ఆపుతుంది, అప్పుడూ ఇలాంటి తడబాటే వినిపిస్తుంది. అందుకే మొదటి ట్యూనింగు ఆర్‌పీఎం మీటరు ఉన్నవాడి చేత, మాన్యువల్లో రాసిన అంకె ప్రకారం చేయించాలి. స్క్రూ ముట్టుకునేముందు ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయాలి. రంపపు పొట్టుతో మూసుకుపోయిన ఫిల్టరు పెట్టుకుని ట్యూన్ చేస్తే, దాన్ని కడిగిన రోజున లెక్కంతా తప్పుతుంది.

పెట్రోలు, ఆయిలు

కంపెనీ చెప్పిన మంచి టూ-స్ట్రోక్ ఆయిలైతే 50కి 1 పాళ్లు. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు, అయిదు లీటర్లకి 100. కొలత సీసాతోనే పోయాలి. "మూత నిండా పోశాను" అన్నది లెక్క కాదు.

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. మన మిషను ఎంత శాతం వరకు తట్టుకుంటుందో మాన్యువల్లో చూడాలి, డీలరునీ అడగాలి. ఇథనాల్ తేమని పీలుస్తుంది, పాత రబ్బరు పైపుల్నీ, డయాఫ్రంనీ పాడుచేస్తుంది. పైగా అది ఎక్కువైతే ఇంజనుకి పెట్రోలు తగ్గినట్టే అవుతుంది. స్క్రూలున్న కార్బొరేటరైతే హెచ్ కాస్త వదులుచేసి సర్దుకోవచ్చు. కలిపిన పెట్రోలు నెలల తరబడి ఉంచకండి. కొన్నాళ్లు మిషను పక్కన పెడుతుంటే ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి మూల పెట్టండి. తుపాను రోజున మిషను లేవకపోవడానికి ఎక్కువసార్లు కారణం ట్యాంకులో మురిగిపోయిన పెట్రోలే.

కొట్లో నిలబడినప్పుడు

అదే రంగు, అదే పోలిక, సగం ధర! నకిలీలు అలాగే వస్తాయి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. డయాఫ్రం కిట్టు, ఫిల్టరు, క్లచ్చు, ఆయిల్ పంపు స్టాకులో ఉన్నాయా అని అడగండి. "తెప్పిస్తాం" అంటే ఎన్నాళ్లకో అడగండి. కొట్లోనే స్టార్ట్ చేయించి, ఐడిలింగులో చైను ఆగి ఉందో లేదో చూడండి. రేసు వదిలాక కూడా చైను తిరుగుతుంటే ఆ మిషను చేతిలోకి తీసుకోవద్దు.

ముందు హ్యాండిలు దగ్గరి చైన్ బ్రేకు పనిచేస్తోందా? ఇది అన్నిటికన్నా ముఖ్యం. బార్ కొన పైభాగం కర్రకి తగిలితే మిషను కన్నుమూసి తెరిచేలోగా మొహం మీదికి లేస్తుంది. 70 సీసీ మిషను లేచిందంటే చేతులు ఆపలేవు, బ్రేకే ఆపాలి. హెల్మెట్, కళ్లద్దాలు, చెవి మూతలు, బూట్లు, కాళ్లకి కోత తగలని ప్యాంటు... వీటి డబ్బు మిషను ధరలో కలిపే లెక్క వేసుకోవాలి. "ముందు మిషను కొందాం, అవి తర్వాత చూద్దాం" అన్నాడు మావాడు. "అయితే మిషనే తర్వాత కొందాం" అన్నాను.

ఇంకో మాట. పొలం మనదైనా చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా చట్టం ఉంది. కొన్ని జాతులకి మినహాయింపు ఉన్నా, కాంట్రాక్టు ఒప్పుకునే ముందే అనుమతి కాగితం చూడాలి.

చివరికి మావాడు 70 సీసీ తరగతిలో మామూలు కార్బొరేటరు మిషను, 20 అంగుళాల బార్, రెండు చైన్లు, సరైన సైజు ఆకురాయి, ఒక డయాఫ్రం కిట్టు తీసుకున్నాడు. మీరూ కొనబోతుంటే ముందు ఒక కాగితం మీద మూడు పేర్లు రాసుకోండి: మీ ఊరికి దగ్గర్లో దాన్ని విప్పగలిగేవాడు, పార్టు ఇచ్చేవాడు, మొదటి రోజు పక్కన నిలబడి నేర్పేవాడు. ఆ ముగ్గురికీ తెలిసిన మిషనే మీకు మంచి మిషను.