పదునొకండు గంటల చిరుతిండి

ఉద్యోగము చేయు సోదరీమణులలో ననేకులు మాతో నొక్కమాటనే చెప్పుచుందురు. ఇంటిలో మితముగనే భుజించుచున్నారట. రాత్రులందు అన్నము మాని రెండు పుల్కాలతో సరిపెట్టుకొనుచున్నారట. ఐనను దేహము బరువెక్కుచునే యున్నదట. కొంచెము తరచి యడిగినచో కారణము బయటపడును. అది యింటి వంటగదిలో లేదు, కార్యాలయములోని బల్లమీద నున్నది. పదునొకండు గంటలకు టీతోపాటు రెండు ఉస్మానియా బిస్కట్టులు, నాలుగు గంటలకు సమోసా, నడుమ నెవరిదో పుట్టినదినపు కేకు, మఱియెవరో యూరినుండి తెచ్చిన కాకినాడ కాజా. వీనిలో నేదియు భోజనమని లెక్కకు రాదు. కంచములో వడ్డించుకొని తినలేదు గనుక తిన్నట్లే తోచదు.

ఈ విషయమున పరులకు నీతులు చెప్పుట మా యుద్దేశము కాదు. మేమును చాలకాలము హైదరాబాదులో నొక కార్యాలయమున పనిచేసినవారమే. మా గదిలో పదునలుగురము. జీతము పెరిగిన మిఠాయి, బిడ్డ పుట్టిన మిఠాయి, ఇల్లు కొన్న మిఠాయి, తిరుపతికి పోయివచ్చినవారి ప్రసాదము, ఇట్లు ఏదో యొకటి లేని వారము లేదు. మా 38వ యేట రక్తపరీక్ష చేయించుకొనగా, చక్కెరవ్యాధి యింకను లోనికి రాలేదు గాని గడపదాక వచ్చి నిలిచినదని వైద్యురాలు చెప్పిరి. మా తల్లిగారు ఆ వ్యాధివలననే కంటిచూపు పోగొట్టుకొనినవారు. ఆ రాత్రి మాకు నిదుర పట్టలేదు. నాటినుండి చేసిన యాలోచనలును, వేసిన తప్పటడుగులును ఈ వ్యాసమునకు మూలము.

ఇది మా యొక్కరి కష్టము కాదు. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో అధికమైన బరువుగలవారు దేశమున నూటికి 24 మంది. తెలంగాణమున 30 మంది, ఆంధ్రప్రదేశమున 36 మంది. మఱియొక సంగతి తెలిసికొనదగియున్నది. దేహపు బరువును కిలోలలో తీసికొని, మీటర్లలో గల యెత్తుచే రెండుమారులు భాగించిన వచ్చు సంఖ్య 25 దాటినప్పుడు అధికబరువని ప్రపంచమున సామాన్యముగా చెప్పుదురు. భారతీయుల దేహములందు కొవ్వు పొట్టచుట్టు చేరు స్వభావ మెక్కువ. కావున మనవారికి 23 చేరినప్పుడే మెలకువ వహింపవలెనని 2009లో మనదేశపు వైద్యనిపుణులు నిర్ణయించిరి. అనగా 155 సెంటీమీటర్ల యెత్తుగల స్త్రీకి రమారమి 55 కిలోలు ఆ గుర్తు. త్రాసు లేనివారు దర్జీవాని టేపుతో నడుము కొలుచుకొనవచ్చును. స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు.

ఇక చిరుతిండి లెక్క చూతము. ఒక పెద్ద సమోసాలో సుమారు 250 కెలోరీల శక్తి కలదు. అరువది కిలోల స్త్రీ ఆ శక్తిని ఖర్చుచేయవలెనన్న గంటకు పైగా నడవవలెను. పిండిపదార్థమునందు గ్రాముకు 4 కెలోరీలుండగా నూనెయందు 9 గలవు. కావుననే చేతిలో నిమిడిపోవు వస్తువు కడుపులో పెద్దదగుచున్నది. టీ సంగతియు నట్టిదే. గిన్నెకు రెండు చెంచాల చక్కెర చొప్పున దినమునకు నాలుగుమారులు త్రాగినచో చక్కెర 40 గ్రాములు. దినమునకు 2,000 కెలోరీలు తినువారికి పైనుండి కలుపుకొను చక్కెర మొత్తము 50 గ్రాములకు లోబడియుండవలెననియు, అందు సగమైన మఱియు మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. మిఠాయి ముట్టకయే మన మా హద్దు సమీపమునకు పోవుచున్నాము.

లెక్కలు తెలిసినంతమాత్రమున నోరు కట్టువడునా? మేమును తొలుత ఒట్టు పెట్టుకొంటిమి. సోమవారము గెలిచితిమి. మంగళవారమును గెలిచితిమి. బుధవారమునాడు వేడివేడి మిరపకాయ బజ్జీల పొట్లము వచ్చినది. ఒకటి మాత్రమే యని చేయిచాచి మూడు తింటిమి. పిమ్మట సిగ్గుపడి మధ్యాహ్నభోజనము మానితిమి. నాలుగు గంటలకు ఆకలి రెట్టింపై సమోసాలు రెండు తింటిమి. ఇట్లొక నెల జరిగినది. మాకు మనోబలము లేదని మమ్ము మేమే నిందించుకొంటిమి.

ఒకనాడు వైద్యురాలి సలహాపై, లేచినది మొదలు నోటిలో వేసికొన్న ప్రతివస్తువును కాగితముపై వ్రాసితిమి. అయిదు గంటలకు కాఫీ. ఏడు గంటలకు కాఫీ. ఏడున్నరకు పిల్లవాడు విడిచిపెట్టిన అర ఇడ్లీ, అదియును నిలువుకాళ్ళమీద. తరువాతి పంక్తిలో నున్నది పదునొకండు గంటల బిస్కట్టే. ఆ కాగితము చూచుసరికి మాకు సర్వమును బోధపడినది. అయిదు గంటలకు లేచి ఇంటిల్లిపాదికి ఉపాహారములు వండి, నాలుగు డబ్బాలు కట్టి, అందఱు తిన్నారో లేదో విచారించి, తాను మాత్రము ఖాళీకడుపుతో బస్సునకు పరుగెత్తు స్త్రీ పదునొకండు గంటలకు మిఠాయిపెట్టె నెట్లు కాదనగలదు? ఆకలిగొన్న కడుపునకు నీతిబోధ చేయుట యెవరి తరము? ఆ చిరుతిండి నోటి చాపల్యము కానే కాదు. ఉదయము మనకు మనమే యెగవేసిన అన్నమునకు అది వడ్డీ. ఆ వడ్డీని నూనెతోను, చక్కెరతోను చెల్లించుచున్నాము.

కావున మొదటి చికిత్స కార్యాలయమున లేదు. ఇంటిలోనే, మన తినుబండలోనే యున్నది. ఉదయము పది నిమిషములు కూర్చుండి కడుపునిండ తినవలెను. పెసరట్టు శ్రేష్ఠము, పొట్టుతోడి పెసలలో మాంసకృత్తులును పీచును గలవు గనుక ఆకలిని చాలసేపు నిలిపియుంచును. ఇడ్లీలైనచో చట్నీతో మాత్రమే గాక పప్పు, కూరలు నిండుగాగల సాంబారుతో తినుట మేలు. జొన్నరొట్టెయు పప్పును, గ్రుడ్డు తినువారికి గ్రుడ్డును మంచివే. పదిరోజు లిట్లు తిన్న పిదప పదునొకండు గంటలకు మిఠాయిపెట్టె వచ్చినపుడు మాకు నోరూరినది గాని చేయి వణకలేదు. ఆ భేద మనుభవించినవారికే తెలియును.

ఐతే ఆ పది నిమిషములు దొరకుట యెట్లు? మా యింట మా యత్తగారు దారి చూపిరి. మా కాగితము నామె కంటబడినది. ఆమె దీర్ఘోపన్యాసము లేమియు చేయలేదు. మఱునాటి ఉదయము పెనముమీది మొదటి అట్టు మా కంచములో వేసి, "అమ్మాయీ, ముందు నువ్వు కూచుని తిను. వాళ్ళ డబ్బాలు నేను కడతాను" అనిరి. అత్తగారు లేని యిండ్లలో భర్త యున్నాడు, ఎదిగిన పిల్లలున్నారు. తన డబ్బా తాను కట్టుకొన్నంతమాత్రమున ఏ మగవాని గౌరవమును తగ్గిపోదు. ఇంట నుండి కోడలిని, కూతురిని పనికి పంపు తల్లులు చదువరులలో ననేకులుందురు. వారు మొదటి అట్టు ఎవరి కంచములో పడుచున్నదో యొకమారు చూచుకొందురుగాక.

ఆకలి తీఱిన తరువాత నిలుచునది మొగమాటము. ఇది ఆకలికంటె గడుసుది. మన దేశమున పెట్టిన వస్తువును వద్దనుట పెట్టినవారిని వద్దనినట్లే. "ఏమంత లావున్నావని? ఒక్కటి తింటే ఏమవుతుంది?" అని ప్రేమతో బలవంతపెట్టుదురు. మా ప్రక్క బల్లవద్ద నొక సోదరి యుండెడిది. ఆమె శనివారము ఒంటిపూట భోజనము చేయును. ఆనాడు కేకు వచ్చినను, బజ్జీలు వచ్చినను, "శనివారమండీ" యని ఆమె చిరునవ్వు నవ్విన చాలును. ఎవ్వరును మాఱు పలుకరు. అదే మనిషి శుక్రవారమునాడు వద్దనిన పదిమంది పట్టుపట్టుదురు. దేవునిపేర చెప్పిన "వద్దు" చెల్లుచున్నది. దేహముపేర చెప్పిన "వద్దు" చెల్లకున్నది. దేహమును దేవునిచ్చినదే గదా! వ్రతము పట్టినదాని వలెనే నెమ్మదిగా, క్షమాపణలు లేకుండ, కారణములు చెప్పకుండ ఒక్కమాటలో వద్దనుట మేమామెవద్ద నేర్చుకొంటిమి. "చాల బాగున్నట్లున్నది, నాకు నేడు వద్దు." ఇంతియే. బరువు తగ్గించుకొనుచున్నానని చాటరాదు. చాటినచో చర్చ బయలుదేరును. ఎదుటివారి కంచమువంక చూచి కెలోరీలు లెక్కించుటయు తగదు.

ప్రసాద మెట్లు వద్దనగల మని కొంద ఱడుగుదురు. వద్దనవలసిన పని లేదు. ప్రసాదమునకు కొలత మన పెద్దలే యేర్పఱచిరి. కన్నుల కద్దుకొని చిటికెడు నోట వేసికొని, మిగిలినది పదిమందికి పంచుదుము. చిటికెడైనను పుణ్యము పూర్ణమే. ఈ నియమమునే మిఠాయిలన్నిటికిని వర్తింపజేసిన నెంత సుఖము! కాజాలో ఒక ముక్క తీసికొని మిగత ప్రక్కవారి కిచ్చినచో తెచ్చినవారి మనస్సును నొవ్వదు.

మేము క్రమముగా చేసికొన్న మఱికొన్ని యేర్పాటులు చెప్పుదుము. మొదటిది, తినుబండారము కంటి యెదుట నుంచుకొనరాదు. బిస్కట్టు డబ్బాను మా బల్లమీదినుండి తీసి గది చివర అలమరలో పెట్టితిమి. ఎవరికి వలసినవారు లేచిపోయి తెచ్చుకొనవచ్చును. లేచి పోవలసివచ్చినంతనే సగము కోరిక చల్లారినది. రెండవది, నాలుగు గంటల ఆకలి నిజమైన ఆకలియే. దానికి మనమే యింటినుండి ఏదైన తీసికొనిపోవలెను. తాలింపు పెట్టిన శనగ గుగ్గిళ్ళు, మొలకెత్తిన పెసలు, జామపండు, పలుచని మజ్జిగ. వేరుశనగలు మంచివే గాని వానిలో నూనె హెచ్చు. ఒక గుప్పెడు కొలిచి పొట్లము కట్టుకొనవలెను గాని సంచి విప్పి కూర్చుండరాదు. మూడవది, టీలో చక్కెరను వారమునకు అరచెంచా చొప్పున తగ్గించితిమి. నాలుక చాల మంచి శిష్యురాలు. రెండు నెలలలో పాత తీపి వెగటనిపించినది.

నాలుగవది ఇష్టమైనదానిని పూర్తిగా త్యజింపకుండుట. వారమున కొక్కటి యెన్నుకొనవలెను. రుచి పచి లేని కేకును విడిచి, పరసీమనుండి వచ్చిన మంచి బందరు లడ్డును కూర్చుండి, నిదానముగా, వేఱొక పని లేకుండ తినవలెను. కంప్యూటరువంక చూచుచు తిన్నది నాలుకకును తెలియదు, మనస్సునకును తెలియదు. నడుమునకు మాత్రము తెలియును.

పుట్టినదినములకు కేకుకు బదులు పండ్లబుట్ట తెప్పింతమని మేము గదిలో నొకమారు ప్రతిపాదించితిమి. అందఱును నవ్విరి. అది సాగలేదు. నెలలోని పుట్టినదినములన్నిటికిని కలిపి ఒక్కనాడే వేడుక చేయుద మన్నమాట మాత్రము అందఱకు నచ్చినది. దానివలన డబ్బులును మిగిలినవి.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. బరువు తగ్గవలెనని అన్నము మానువారు మోసపోవుదురు. పైన చెప్పిన సర్వేలోనే దేశపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. దేహము లావుగనుండి రక్తము పలుచగనుండు స్త్రీలు మనలో ననేకులు. కావున తగ్గింపవలసినది నూనెయు చక్కెరయు గాని, ఆకుకూరలు, పప్పు, పాలు, పండ్లు గావు. భోజనమైన వెంటనే టీ త్రాగుటయు మానవలెను. అది ఆహారములోని యినుమును దేహమునకు చక్కగా పట్టనీయదు. గర్భిణులును, బాలింతలును, చక్కెరవ్యాధికి మందు పుచ్చుకొనువారును వైద్యుల నడుగక తిండి తగ్గింపరాదు. ఇంటిలోని యాడపిల్లల దేహములనుగూర్చి పరిహాసముగనైనను మాటలాడరాదు.

సంవత్సర మట్లు గడచినది. మా బరువు ఆరు కిలోలు తగ్గినది. రక్తపరీక్షలో చక్కెర మరల హద్దులోనికి వచ్చినది. గడపవఱకు వచ్చిన యతిథి వెనుదిరిగి పోయెనని వైద్యురాలు నవ్విరి. వీథిమలుపున వేచియుండునని కూడ చెప్పిరి. మైసూరుపాకు కనబడినపుడు మా మనస్సు నేటికిని చలించును. చలించినను తప్పులేదు. చలించిన మనస్సును మందలించుటకంటె, ఆకలిగొన్న కడుపును ముందుగా ఆదరించుటయే సులభమని మాత్రము నేర్చుకొంటిమి.

సోదరీమణులారా! రేపటి ఉదయము అందఱ డబ్బాలు కట్టుటకు ముందు ఒక పీట వాల్చుకొనుడు. మీ కంచము మీరు పెట్టుకొనుడు. పదునొకండు గంటల యుద్ధము ఏడు గంటలకే సగము గెలిచినవా రగుదురు.